చెన్నపట్టణమున నా చిన్ననాడు



నా చిన్ననాటి చెన్నపట్టణమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని నన్ను కోరినారు. పల్లెలయందు నివసించు పెద్దలకు ఆ నగరము క్రొత్తది కాదు. మీలో పలువురి తాతలు హైకోర్టు వ్యాజ్యములకో, ఎగ్మూరు కంటి ఆసుపత్రికో, పెండ్లి నగలకో పోయి వచ్చినవారే. నెల్లూరు, గుంటూరు మండలములలో ఊరక 'పట్నము' అనిన నాడు చెన్నపట్టణమే గాని వేరొకటి కాదు. అయితే పట్నము పోయి వచ్చుట వేరు. పట్నమున పుట్టి, అది తన ఊరని నమ్మి పెరిగి, పండ్రెండవ యేట అది తన ఊరు కాదని వినుట వేరు. నేను ఈ రెండవ తెగవాడను.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. 1639వ సంవత్సరమున ఇంగ్లీషు వర్తకులకు సముద్రతీరమున కోట కట్టుకొనుటకు స్థలమిచ్చినవాడు దామర్ల వేంకటాద్రి నాయకుడు. అతని తండ్రి చెన్నప్ప పేరిట అచ్చటి ఊరికి చెన్నపట్టణమని పేరు వచ్చినదని చరిత్రకారులు పలువురు చెప్పుదురు. 1996లో ప్రభుత్వమువారు నగరమునకు చెన్నై యని పేరు స్థిరపరచినప్పుడు మా తెలుగువారిలో కొందరు నొచ్చుకొనిరి. నాకు నవ్వు వచ్చినది. చెన్నప్ప పేరు చెన్నైలోనికి వచ్చినదే గాని పోలేదు గదా!

నేను పుట్టినది 1941లో, పెద్దనాయకన్‌పేటలో, టంకసాల వీధికి కూతవేటు దూరమున. పూర్వము నగరమునకు కావలి కాచిన పెద్దనాయకుల పేరు ఆ పేటకు నిలిచినది. మా యిల్లు పొడుగైన పాతకాలపు మిద్దె. నడుమ ముంగిలి, ముంగిట నొక బావి, చుట్టును ఆరు వాటాలు. మూడు వాటాలలో తెలుగువారము, రెండింట తమిళులు, వీధివైపు వాటాలో ఒక మార్వాడీ వర్తకుడు. బావి నీరు ఉప్పన. త్రాగునీరు వీధి కొళాయినుండియే. రెడ్‌హిల్సు చెరువులో నీరు తగ్గిన వేసవిలో కొళాయి తెల్లవారుజామున రెండు గడియలు మాత్రమే కారెడిది. బిందెల వరుసలో నిలుచుండుట పిల్లల పని. నేను తమిళము నేర్చినది బడిలో కాదు, ఆ బిందెల వరుసలో. అందుచేత నాకు మొదట వచ్చిన తమిళమంతయు కొట్లాట తమిళమే.

మా నాయనగారు ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తా. పినతండ్రిగారు ఒక తెలుగు అచ్చుకూటమున అక్షరములు కూర్చెడివారు. ఆ కాలమున తెలుగు పుస్తకములనిన చెన్నపట్టణమే. వావిళ్ళవారి ముద్రణాలయము అచ్చట నుండెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో దినపత్రికగా చేసిన ఆంధ్రపత్రిక అచ్చటనే అచ్చగుచుండెను. మీ ఊరి గుడిలో పురాణము చెప్పుటకు దాచియుంచిన పాత భారతప్రతియో భాగవతప్రతియో తెరచి చూడుడు. మొదటి పుటలో చెన్నపురి యనియే యుండుటకు అవకాశము మెండు. ఆ పుటలలో ఎన్నింటిని మా పినతండ్రిగారివంటివారి వ్రేళ్ళు కూర్చినవో!

ఇంటికి యజమానురాలు మా నాయనమ్మ. ఆమె 1910 ప్రాంతమున నెల్లూరివైపునుండి కాపురమునకు వచ్చినది, రైలులో గాదు, పడవలో. బకింగుహాము కాలువ పెదగంజామునుండి మరక్కాణము వరకు సముద్రపుటంచున సుమారు 260 మైళ్ళు పోవుచుండెను. 1877-78 కరవులో కూలినాలి లేని జనమునకు పని కల్పించుటకు నగరము నడుమ ఐదుమైళ్ళు త్రవ్వించి ఉత్తరపు కాలువను దక్షిణపు కాలువను కలిపిరి. గాలి యున్నచో తెరచాప, లేనిచో గట్టున నడచుచు త్రాటితో పడవను లాగు మనుష్యులు. మన వైపునుండి బియ్యము, ఉప్పు, సరుగుడు కట్టెలు, సున్నపు గుల్లలు ఆ కాలువ మీదనే పోయెడివి. నా చిన్నతనమున కూడ ఏటేట మామిడికాయల కాలమున పడవవాడొకడు మా యింటికి జాడీ తెచ్చి యిచ్చెడివాడు. కాలువ ఒడ్డున కట్టెల గుట్టలు, తారు వాసన, మన నెల్లూరి మాటలు! పట్నము నడిబొడ్డున పల్లెటూరి రేవది. నేడు నగరములో ఆ కాలువ మీద రైలుదారికి స్తంభములు నాటియున్నారు. నీరు చూడదగినట్లు లేదు.

ట్రాముబండ్లను గూర్చి చెప్పకున్న మీరు ఊరుకొనరు. 1895లో చెన్నపట్టణమున విద్యుత్తుతో నడచు ట్రాములు మొదలయ్యెను. మన దేశమున అవియే మొదటివి. వీధి నడుమ పట్టాలపై, కాలిగంట మ్రోగించుచు, బండి యెద్దులకును మనుష్యులకును దారి యిచ్చుచు, నింపాదిగా పోయెడివి. పరుగెత్తి ఎక్కవచ్చును, కదలుచుండగనే దిగవచ్చును. రాత్రులు మేము మిద్దెపై పండుకొనిన, హైకోర్టు గోపురము మీది దీపస్తంభపు వెలుగు చుట్టి చుట్టి వచ్చెడిది. ఆ గోపురమున 1894నుండి 1977 వరకు ఓడలకు దీపము వెలిగినది. ఆ వెలుగు ఒకసారి వచ్చి మరల వచ్చులోపల ఎన్ని అంకెలు లెక్కింపగలమో అని నేనును, ప్రక్క వాటాలోని తమిళుల అబ్బాయియు పందెము వేసెడివారము. వాడు నా యీడువాడు. ఆ మిద్దె మీదనే బొగ్గుతో వ్రాసి వానికి నేను తెలుగు ఓనమాలు నేర్పితిని, నాకు వాడు తమిళాక్షరములు నేర్పెను. వాని తెలుగు 'ళ' ఎప్పుడును ప్రక్కకు ఒరిగియుండెడిది.

1952 చివర మా యింటి గాలి మారినది. పొట్టి శ్రీరాములుగారు అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట ఆంధ్రరాష్ట్రము కొరకు నిరాహారదీక్ష పూనిరి. శ్రీరాములుగారు పరాయిచోటునుండి వచ్చినవారు కారు. 1901లో మా జార్జిటవునులోనే, అన్నాపిళ్ళె వీధిలో పుట్టినవారు. నాయనగారు ప్రభుత్వోద్యోగి గనుక అటు పోవుటకు జంకిరి. పినతండ్రిగారు నన్ను వెంటబెట్టుకొని పోయిరి. ఇంటి ముందట జనము, లోపలికి పోనీయలేదు. ఎవరును బిగ్గరగా మాటలాడుట లేదు. అంతమంది తెలుగువారు అంత మెల్లగా మాటలాడుట నేను ఆనాటికి ముందు చూడలేదు.

డిసెంబరు 15 రాత్రి ఆయన కన్నుమూసిరి. ఏబదియెనిమిది దినములు. మరునాడు ఊరేగింపు పోవుచుండగా ఒక దుకాణపు అరుగు మీద నిలిచి చూచితిని. ఏడ్చుచున్న పినతండ్రిగారిని మొదటిసారి చూచితిని. తెలుగు జిల్లాలలో కాల్పులు జరిగి ప్రాణములు పోయినవని వార్తలు వచ్చెను. 19వ తేదీన ప్రధాని నెహ్రూగారు ఆంధ్రరాష్ట్రము నేర్పరతుమని లోకసభలో ప్రకటించిరి. అయితే మదరాసు నగరము అందు చేరదు.

ఇచ్చట నా అభిప్రాయము చెప్పవలెను. పెద్దలలో కొందరికి అది రుచింపకపోవచ్చును. నగరమును కట్టిన చేతులలో తెలుగు చేతులు చాల కలవు. అయినను 1952 నాటికి నగరమున తమిళులే అధిక సంఖ్యాకులు. చుట్టునున్న సీమయు వారిదే. 1949 ఏప్రిలులోనే నెహ్రూ, వల్లభాయి పటేలు, పట్టాభి సీతారామయ్యగారల సంఘము ఆంధ్రులు మదరాసుపై ఆశ విడిచినచో రాష్ట్రము నీయవచ్చునని చెప్పియుండెను. ఆశ విడువలేకపోయితిమి. మన కోరిక యందు అభిమానమెంత యున్నదో లెక్క అంత యుండలేదు. ఈ మాట నేడు నేను సులభముగా చెప్పుచున్నాను గాని, పదునొకండవ యేట చెప్పలేదు. మా గోడ మీద 'మదరాసు మనదే' అని బొగ్గుతో వ్రాసినవాడను నేనే. మరునాడు దాని క్రింద తమిళమున అదే మాట కనబడెను. ఎవరు వ్రాసిరో అక్షరములు చూచినంతనే తెలిసినది. నేను వ్రాసినదియు వాడు అట్లే గుర్తుపట్టియుండును. ఇరువది దినములు మేము మాటలాడుకొనలేదు. బిందెల వరుసలో ప్రక్క ప్రక్కనే నిలిచియు!

మమ్ము కలిపినవి ట్రాములు. కంపెనీకి నష్టము వచ్చి 1953 ఏప్రిలులో వానిని ఒక్కమారుగా నిలిపివేసిరి. ఇక ఆగిపోవునని విని, వాడు మా గుమ్మము వద్దకు వచ్చి, "రా, పోదాము" అని మాత్రము తెలుగులో అనెను. ఇరువురము చేతిలోని చిల్లర పైసలు అయిపోవువరకు ఎక్కి దిగితిమి. గోడమీది వ్రాత మాట ఎవ్వరును ఎత్తలేదు.

ఆ యేడు అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్రరాష్ట్రము అవతరించినది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. ఉద్యోగులను రెండు రాష్ట్రములకు పంచిరి. మా నాయనగారు కర్నూలు వంతునకు వచ్చిరి. రాజధానికి తగినన్ని యిండ్లు లేక డేరాలు వేసిరి. కార్యాలయములును డేరాలే, కాపురములును డేరాలే. నాయనగారు ముందు పోయి చూచి వచ్చి, సామాను కట్టుడనిరి. మా నాయనమ్మ కదలలేదు.

"ఎమ్‌డెన్ వాడు గుండ్లు వేసిననాడే నేను కదలలేదురా. జపాను వాడు వస్తాడని ఊరంతా పోతేనే కదలలేదు. ఇప్పుడు ఎవడు వస్తున్నాడని పొమ్మంటావు నాయనా?"

అది ఉత్తమాట కాదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యోడ ఎమ్‌డెన్ హార్బరు వద్ద నూనె తొట్లను పేల్చినప్పుడు జనము మూటలతో పరుగెత్తిరి. 1942 ఏప్రిలులో విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు పడిన పిదప పట్నము సగము ఖాళీ అయినది. మా తల్లి ఏడాది బిడ్డనైన నన్నెత్తుకొని నెల్లూరివైపు పోయినది. రెండు తడవలును నాయనమ్మ బావి చెంతనే యుండెను. నాయనగారికి జవాబు లేదు. కొత్త రాష్ట్రము మనదని ఆయన చెప్పవలెను. ఆమె యిల్లు మనది కాదని ఎట్లు చెప్పగలరు? మేము పోయితిమి. ఆమె పినతండ్రిగారి వద్ద ఉండిపోయినది.

పినతండ్రిగారు అచ్చుకూటమునుండి ఇల్లు చేరుసరికి రాత్రి యగుచుండెను. నాయనమ్మకు చదువు రాదు. కర్నూలునకును, 1956లో రాజధాని మారిన పిదప హైదరాబాదునకును ఆమె పేర వచ్చిన ఉత్తరములన్నియు ప్రక్క వాటాలోని తమిళుల అబ్బాయి వ్రాసినవే. 'ళ' ప్రక్కకు ఒరిగియుండెడిది. "పెళ్ళి", "పళ్ళెము", "నీళ్ళు": ఆమె మాటలలో ఆ అక్షరము మెండు. 1957 వేసవిలో వచ్చిన కార్డులో రెండే పంక్తులు. నాయనగారు రైలు దిగి యిల్లు చేరుసరికి దహనము కూడ అయిపోయినది. ఆమె కాగును మాత్రము తీసికొని వచ్చిరి. అది నేటికిని నా యింట కలదు.

పిదప నేను పట్నము పోవుట తగ్గినది. పోయినప్పుడెల్ల ఏదో ఒకటి తక్కువగా కనబడెడిది. పాత పుస్తకములకు పేరుపొందిన మూరు మార్కెట్టు 1985లో కాలిపోయినది. కొత్వాలు చావడి కూరగాయల టోకు వ్యాపారము 1996లో కోయంబేడునకు తరలినది.

ఆ 1996లోనే మరియొకటి జరిగినది. 1983లో కుదిరిన తెలుగుగంగ ఒడంబడిక ప్రకారము కృష్ణా జలము కండలేరునుండి కాలువ వెంట పోయి, పట్నమునకు నీరందించు పూండి జలాశయమును చేరినది. కొన్ని దినములకు నాకు ఒక కార్డు వచ్చినది. వ్రాసినవాని వయస్సు నాతోపాటు ఏబదియైదు. తెలుగే. ఒక్క పంక్తి: "మీ నీళ్ళు వచ్చినాయి, ఇక బిందెల వరుసలో నిలవనక్కరలేదు, ఒకసారి రా."

'ళ' అట్లే ఒరిగియున్నది. ఆ నెలలోనే పోయి వచ్చితిని.