నెండ్రమ్: పోటు నీటితో తిరిగిన మర

ఉత్తర ఐర్లాండ్‌లోని స్ట్రాంగ్‌ఫర్డ్ లాక్ పేరుకు సరస్సే గాని, నిజానికి ఇరుకైన ముఖద్వారంతో ఐరిష్ సముద్రంలో కలిసే అఖాతం. రోజుకు రెండుసార్లు పోటు నీరు ఆ ఇరుకులోంచి ఉరకలేస్తూ వచ్చి, అదే వేగంతో వెనక్కి పోతుంది. హిమనదాలు పోసిన మట్టిదిబ్బలు ఈ నీటిలో ద్వీపాలుగా మిగిలాయి. వాటిలో మహీ ఒకటి. ఇప్పుడు రే ద్వీపం మీదుగా కాజ్‌వేలు దాటి కారులోనే అక్కడికి చేరుకోవచ్చు. రోడ్డున వచ్చేవారికి అది మారుమూలే. పడవల మీద రాకపోకలు సాగిన రోజుల్లో మాత్రం నీరే రహదారి, ద్వీపం ఆ దారి పక్కనే ఉండేది.

ఇక్కడి నెండ్రమ్ మఠాన్ని 5వ శతాబ్దంలో సెయింట్ మహోయ్ స్థాపించాడని ఐతిహ్యం. దిబ్బ మీద ఒకదానిలో ఒకటిగా మూడు రాతి ప్రాకారాలున్నాయి. నడుమ చర్చి, శ్మశానం, గుండ్రటి గోపురం మొదలు కనిపిస్తాయి. 976లో మఠాధిపతి తన ఇంట్లోనే కాలిపోయాడని ఐరిష్ వార్షిక చరిత్రలు చెబుతాయి. నేరం వైకింగుల మీదికి పోతుంది గాని, ఆ వాక్యంలో వాళ్ల పేరు లేదు. 12వ శతాబ్దం చివర నార్మన్ ప్రభువు జాన్ డి కూర్సీ ఈ చోటును బెనెడిక్టైన్ సన్యాసులకిచ్చాడు. తర్వాత అది ఊరి చర్చిగా మిగిలి, 15వ శతాబ్దంలో పాడుబడింది.

ఆపైన జనం మరిచిపోయారు. గోపురం మొదలును సున్నపు బట్టీ అనుకునేవారు. అది గోపురమేనని 1844లో విలియం రీవ్స్ గుర్తుపట్టాడు. 1922–24లో లాలర్ అనే పరిశోధకుడు తవ్వకాలు జరిపి, కొన్ని గోడలు మళ్లీ కట్టించాడు, ముక్కలైన ఎండగడియారాన్ని అతికించి నిలిపాడు. అందుకే అక్కడ కంటికి కనబడేదంతా పాతదే అనుకోకూడదు.

అసలు విశేషం దిబ్బ మీద కాదు, ఒడ్డు బురదలో ఉంది. 1999–2001 తవ్వకాల్లో అక్కడ పోటు నీటితో నడిచే పిండి మర బయటపడింది. బురదలో చెడకుండా నిలిచిన ఓక్ దుంగల వలయాలు లెక్కిస్తే అవి 619 నాటివని తేలింది. తీరంలో కొంత మేరకు కట్ట పోసి చెరువు చేశారు. పోటుకు అది నిండగానే తూము మూసేవారు. సముద్రం వెనక్కి తగ్గాక నీటిని సన్నటి కాలువలోంచి వదిలితే, అది అడ్డంగా అమర్చిన చక్రం రెక్కలను కొట్టేది. చక్రపు ఇరుసే పైకి వెళ్లి తిరగలి పై రాయిని తిప్పేది, నడుమ పళ్లచక్రాల అవసరమే లేదు. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనకపడుతుంది కాబట్టి, పిండి పట్టే వేళ కూడా దానితోపాటే జరిగేది. 8వ శతాబ్దం చివర అదే చోట కొత్త మర కట్టారు.

తవ్వకాల్లో దొరికిన ఇలాంటి మరల్లో ఇదే అతి పాతదంటారు. ఐర్లాండ్ దక్షిణ తీరాన కార్క్ దగ్గర లిటిల్ ఐలాండ్‌లో దొరికినది సుమారు 630 నాటిది. రెండు చోట్లా ఇంచుమించు ఒకే కాలంలో మరలు కట్టారంటే, ఈ విద్య ఒక్క మఠానిదే కాదన్నమాట.