కంపెనీయే కారు వెనక్కి కొంటానంటే ఎప్పుడు ఇవ్వాలి?

కారు అమ్మాలనుకోగానే మన ఇళ్లలో ముందుగా వచ్చే ప్రశ్న "ఎంతొస్తుంది?". దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది: "ఆ ధర ఏ రోజు లెక్క ప్రకారం కడుతున్నారు?" కొనేది కారు తయారు చేసిన కంపెనీయే అయినప్పుడు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ధర ఒక పాత తేదీ దగ్గర ఆగిపోయి ఉంటే ఆగినవాడికి లాభం. ధర ఏ రోజుకారోజు మారేదైతే ఆగినకొద్దీ నష్టం. ఈ తేడా తెలియక తొందరపడి పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, నాన్చి పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

కంపెనీ మన కారు వెనక్కి తీసుకునే సందర్భాలు ముఖ్యంగా మూడు. ఒకటి, కంపెనీ తప్పు చేస్తే కోర్టు ద్వారా వెనక్కి కొనాల్సి రావడం. రెండు, కొన్నప్పుడే "ఇన్నేళ్ల తర్వాత ఇంతకు తీసుకుంటాం" అని రాసిచ్చిన బైబ్యాక్ హామీ. మూడు, షోరూంలో పాతది ఇచ్చి కొత్తది తీసుకునే ఎక్స్ఛేంజ్. మూడింటికీ లెక్క వేరు.

అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్ కేసు

మొదటి రకానికి అతి పెద్ద ఉదాహరణ అమెరికాలో జరిగింది. అక్కడి వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు డీజిల్ కార్లకు పరికరాలు అమర్చి, రోడ్డు మీద నడుపుతూ పొగను కొలిచారు. ఆ బృందంలో హేమంత్ కప్పన్న, అరవింద్ తిరువెంగడం అనే ఇద్దరు భారతీయులు కూడా ఉన్నారు. ల్యాబ్‌లో పరీక్ష పాసైన ఫోక్స్‌వ్యాగన్ కార్లు రోడ్డు మీద మాత్రం చాలా ఎక్కువ నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతున్నట్టు 2014లో బయటపడింది. పరీక్ష జరుగుతోందని కారులోని సాఫ్ట్‌వేర్ పసిగట్టి, అప్పుడు మాత్రమే పొగను అదుపు చేసేది. మామూలుగా నడిపేటప్పుడు ఆ అదుపును తగ్గించేసేది.

2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఈ మోసాన్ని బయటపెట్టి నోటీసు ఇచ్చింది. కొన్ని కార్లు అనుమతించిన హద్దుకు 40 రెట్ల వరకు కాలుష్యం వదులుతున్నాయని చెప్పింది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.1 కోట్ల కార్లలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీ ఒప్పుకుంది.

కేసు శాన్‌ఫ్రాన్సిస్కోలో న్యాయమూర్తి చార్లెస్ బ్రేయర్ ముందుకు వచ్చింది. 2016 అక్టోబరు 25న ఆయన తుది ఒప్పందానికి ఆమోదం తెలిపారు. మొత్తం 1,470 కోట్ల డాలర్ల వరకు. అందులో సుమారు 1,000 కోట్ల డాలర్లు 2.0 లీటర్ డీజిల్ కార్ల యజమానుల కోసమే. దాదాపు 4,75,000 కార్లు ఈ ఒప్పందం కిందికి వచ్చాయి. యజమాని ముందు రెండు దారులు పెట్టారు: కారును కంపెనీకి తిరిగి ఇచ్చి డబ్బు తీసుకోవడం, లేదా ఆమోదం పొందిన రిపేరు ఉచితంగా చేయించుకుని కారు ఉంచుకోవడం. రెండు దారుల్లోనూ నష్టపరిహారం ఉంది.

లెక్క ఎలా కట్టారు?

ఇక్కడే అసలు విషయం. కారు విలువను తిరిగి ఇచ్చే రోజు మార్కెట్ ప్రకారం కట్టలేదు. మోసం బయటపడక ముందు, 2015 సెప్టెంబరులో ఆ కారుకు డీలరు ఇచ్చే ధర ఎంతో దాన్నే పట్టుకున్నారు. దానిపైన నష్టపరిహారం: కారు విలువలో 20 శాతం, ఇంకా 2,986.73 డాలర్లు. ఇవి రెండూ కలిపి 5,100 డాలర్లకు తగ్గితే 5,100 ఇచ్చారు.

ఉదాహరణకు ఒక కారు విలువ 12,000 డాలర్లు అనుకుందాం. అందులో 20 శాతం 2,400. దానికి 2,986.73 కలిపితే పరిహారం 5,386.73. మొత్తం చేతికొచ్చేది 17,386.73 డాలర్లు. కారు విలువ 8,000 మాత్రమే అయితే లెక్క ప్రకారం పరిహారం 4,586.73 వస్తుంది. కనీస మొత్తం 5,100 కాబట్టి చేతికి 13,100 వస్తుంది.

మరి తిరిగిన దూరం సంగతి? దానికీ వెసులుబాటు ఇచ్చారు. ఏడాదికి 12,500 మైళ్లు, అంటే మన లెక్కలో సుమారు 20,000 కిలోమీటర్లు. 2015 సెప్టెంబరు నుంచి నెలకు 1,042 మైళ్ల చొప్పున రీడింగ్‌లోంచి తీసేసి, మిగిలిన దాన్ని బట్టి ధర కట్టారు. కాబట్టి 2016 ఆఖరులో కారు ఇచ్చినవాళ్లకూ, హద్దులోపే నడిపి 2018 ఆఖరులో ఇచ్చినవాళ్లకూ దాదాపు ఒకే మొత్తం వచ్చింది. రెండోవాళ్లు రెండేళ్లు అదనంగా కారు వాడుకున్నారు, ధర మాత్రం తగ్గలేదు. మామూలుగా ఏ కారుకూ ఇలా జరగదు.

తొందరపడినవాళ్లకు ఏమైంది?

వార్త బయటకు రాగానే కొందరు భయపడి అమ్మేశారు. "ఇక ఈ బండిని ఎవరూ కొనరు" అనుకుని వచ్చిన ధరకే వదిలించుకున్నారు. 2015 సెప్టెంబరు 18 తర్వాత, 2016 జూన్ 28 లోపు అమ్మినవాళ్లకు పరిహారంలో సగమే దక్కింది. మిగతా సగం వాళ్ల దగ్గర కొన్నవాళ్లకు వెళ్లింది. కారు పూర్తి విలువ కూడా కొన్నవాళ్ల చేతికే వచ్చింది.

ఇందులో నేర్చుకోవాల్సింది స్పష్టమే. కంపెనీ మీద పెద్ద కేసు నడుస్తుంటే, పరిహారం సంగతి తేలేదాకా కారును చేయి జారనివ్వకూడదు. కాగితాలు, కొన్న బిల్లు, సర్వీసు రికార్డు జాగ్రత్తగా దాచుకోవాలి.

ఆగడం అందరికీ మంచిదేనా?

కాదు. ధర ఆగి ఉన్నా ఖర్చులు, ప్రమాదాలు ఆగవు. అమెరికా కేసులో ఆగాలా, ఇచ్చేయాలా అని ఆలోచించినవాళ్లు చూసుకోవాల్సినవి ఇవి.

మొదటిది, కారు నడిచే స్థితిలో ఉండాలన్న షరతు. ఇచ్చే రోజున కారు తన ఇంజిన్ మీద తాను నడిచి రావాలి. మధ్యలో ఇంజినో గేర్‌బాక్సో పోతే బాగు చేయించుకునే ఖర్చు యజమానిదే. పెద్ద ప్రమాదం జరిగి కారు పూర్తిగా పోతే వెనక్కి ఇవ్వడానికి కారే ఉండదు. బీమా ఇచ్చేది పాత విలువ కాదు, ఆ రోజు విలువ మాత్రమే.

రెండోది, లోన్. కారు మీద అప్పు ఉన్నవాళ్లు ఆగిన ప్రతి నెలా వడ్డీ కడుతూనే ఉన్నారు. వాళ్లకు త్వరగా ఇచ్చేసి అప్పు తీర్చుకోవడమే మేలు. రావాల్సిన మొత్తం కంటే అప్పు ఎక్కువగా ఉంటే, ఒక హద్దు వరకు ఆ తేడాను కూడా కంపెనీయే తీర్చే ఏర్పాటు ఒప్పందంలో ఉంది.

మూడోది, తిరిగే దూరం. రోజూ దూరం వెళ్లి పనిచేసేవాళ్లు నెలకు 1,042 మైళ్లు సులభంగా దాటేస్తారు. దాటినకొద్దీ ధర తగ్గుతుంది.

నాలుగోది, గడువు. క్లెయిమ్ పెట్టుకోవడానికి 2018 సెప్టెంబరు 1, కారు అప్పగించడానికి 2018 డిసెంబరు ఆఖరు. ఆఖరి వారం దాకా ఆగితే అపాయింట్‌మెంట్ దొరకకపోవడం, కాగితంలో ఒక సంతకం తగ్గడం లాంటి చిన్న విషయాలే పెద్ద నష్టంగా మారతాయి.

అప్పు లేని, తక్కువ తిరిగే, కండిషన్ బాగున్న కారు యజమానికి ఆగడం లాభం. అప్పు ఉన్నవాళ్లకు, ఎక్కువ తిరిగేవాళ్లకు, పెద్ద రిపేరు దగ్గరపడినవాళ్లకు త్వరగా ఇచ్చేయడమే లాభం.

మన దేశంలో ఏం జరిగింది?

ఇదే కంపెనీ 2015 డిసెంబరులో భారత్‌లో 3,23,700 కార్లను రీకాల్ చేస్తామని ప్రకటించింది. అవి ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి బ్రాండ్ల కార్లు. ఇక్కడ యజమానులకు దక్కింది సాఫ్ట్‌వేర్ మార్పు మాత్రమే. అమెరికాలోలాగా కారు వెనక్కి కొనే ఏర్పాటు రాలేదు. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రైబ్యునల్ కంపెనీకి 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. ఆ జరిమానా పర్యావరణానికి జరిగిన నష్టం కోసం వేసింది, కారు యజమానుల కోసం కాదు.

అందుకే అమెరికాలో ఉన్న మన బంధువుల అనుభవాన్ని ఇక్కడ అలాగే అన్వయించుకోకూడదు. హైదరాబాద్‌లోనో, గుంటూరులోనో, కర్నూలులోనో మనకు ఎదురయ్యేవి మిగతా రెండు రకాలే: ఎక్స్ఛేంజ్, బైబ్యాక్ హామీ.

ఎక్స్ఛేంజ్: ఇక్కడ కాలం మనకు ఎదురు

మారుతీ ట్రూ వాల్యూ, హ్యుందాయ్ హెచ్ ప్రామిస్, టయోటా యూ ట్రస్ట్ లాంటివి కంపెనీలు నడిపే పాత కార్ల విభాగాలు. ఇక్కడ ధర ఏ తేదీ దగ్గరా ఆగి ఉండదు. ఈ నెల చెప్పిన ధర వచ్చే నెల ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. కాబట్టి అమ్మాలని తేల్చుకున్నాక నాన్చకూడదు.

సమయం చూసుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. డిసెంబరు దాటి జనవరి రాగానే కాగితం మీద కారుకు ఒక ఏడాది వయసు పెరుగుతుంది, ధర తగ్గుతుంది. మీ కారుకు కొత్త మోడల్ వస్తోందని తెలిస్తే అది రాకముందే అమ్మడం మంచిది. వారంటీ మిగిలి ఉండగా అమ్మితే మంచి ధర వస్తుంది. నాలుగు టైర్లు, బీమా రెన్యువల్, పెద్ద సర్వీసు ఒకేసారి మీద పడబోతుంటే ఆ ఖర్చు పెట్టాక అమ్మడం దండగ. పెట్టినదంతా ధరలో తిరిగి రాదు.

దసరా, దీపావళికి, ఏడాది ఆఖరులో ఎక్స్ఛేంజ్ బోనస్‌లు ఎక్కువగా ఇస్తారు. బోనస్ చూసి మురిసిపోవద్దు. పాత కారుకు ఇచ్చే ధర, బోనస్, కొత్త కారు మీద డిస్కౌంట్, ఈ మూడింటినీ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. ఒకచోట ఇచ్చినట్టే ఇచ్చి ఇంకోచోట తగ్గించారా అన్నది అప్పుడే తెలుస్తుంది. బయట కనీసం రెండుచోట్ల ధర కట్టించుకున్నాకే షోరూంకు వెళ్లండి.

బైబ్యాక్ హామీ: షరతులు చదివాకే సంతకం

కొన్ని కంపెనీలు, ముఖ్యంగా ఎలక్ట్రిక్ కార్ల మీద, మూడేళ్ల తర్వాత కొన్న ధరలో ఇంత శాతానికి వెనక్కి తీసుకుంటామని చెబుతాయి. ఇక్కడ ధర ముందే ఆగి ఉంది కాబట్టి కాలం కొంతవరకు మన పక్షమే. అయితే ఆ హామీ షరతులతో వస్తుంది. శాతం ఏ ధర మీద, ఎక్స్ షోరూం ధర మీదా, ఆన్‌రోడ్ ధర మీదా? ఎన్ని కిలోమీటర్ల హద్దు? సర్వీసు అంతా కంపెనీ దగ్గరే చేయించాలా? ప్రమాదం జరిగిన కారును తీసుకుంటారా? ఏ తేదీ నుంచి ఏ తేదీ లోపు ఇవ్వాలి? హామీ ఇచ్చేది కంపెనీయా, వేరే సంస్థా?

కొన్ని పథకాలు లోన్‌తో ముడిపడి ఉండొచ్చు. వడ్డీకి దూరంగా ఉండి నగదుతో కొనే కుటుంబాలు, లోన్ లేకుండా కూడా ఈ హామీ వర్తిస్తుందా అని బుక్ చేయకముందే అడగాలి. హామీ ధర కంటే బయట మార్కెట్ ఎక్కువ ఇస్తుంటే బయటే అమ్ముకోవచ్చా అన్నదీ రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

కారు ఇచ్చేసే రోజు కాగితాలు

ధర కుదిరినంత మాత్రాన పని అయిపోలేదు. ఆర్సీలో మీ పేరు ఉన్నంతకాలం బాధ్యత మీదే. కారు అమ్మేసినా రిజిస్ట్రేషన్ మారకపోతే, ప్రమాదంలో పరిహారానికి రికార్డులో ఉన్న యజమానే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో చెప్పింది. కాబట్టి:

- ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి కాపీలు దాచుకోండి. ఖాళీ ఫారాల మీద సంతకం చేయొద్దు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి.
- లోన్ తీరిపోయి ఉంటే బ్యాంకు నుంచి ఎన్ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్సీలో హైపోథికేషన్ తీయించండి.
- కారు తీసుకుంటున్న డీలరుకు ఆర్టీఏ గుర్తింపు ఉందా అని అడగండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, గుర్తింపు ఉన్న డీలరుకు కారు అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేయొచ్చు. ఆ తర్వాత బాధ్యత డీలరుకు మారుతుంది.
- కారు ఇచ్చిన తేదీ, సమయం, కిలోమీటర్ల రీడింగ్‌తో డెలివరీ నోట్ తీసుకోండి.
- పెండింగ్ చలానాలు కట్టేయండి. ఫాస్టాగ్ మూసివేయించండి.
- బీమాలోని నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, యజమానిది. అది 50 శాతం దాకా ఉండొచ్చు. సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త కారు బీమాలో వాడుకోవచ్చు.

చివరిగా ఒక్క లెక్క. ఇంకో ఏడాది కారు ఉంచుకుంటే తగ్గే ధర, బీమా, సర్వీసు, వడ్డీ ఉంటే వడ్డీ, అన్నీ ఒకవైపు రాయండి. ఆ ఏడాది కారు లేకపోతే ఆటోలకు, క్యాబులకు, వేరే బండికి అయ్యే ఖర్చు ఇంకోవైపు రాయండి. ధర ఆగి ఉన్న ఒప్పందంలో మొదటి వైపు తేలికవుతుంది, మామూలు ఎక్స్ఛేంజ్‌లో బరువవుతుంది. ఇంట్లో అందరూ కూర్చుని ఆ కాగితం చూస్తే, ఇప్పుడు ఇవ్వాలా, ఆగాలా అన్నది సేల్స్‌మన్ చెప్పకుండానే తేలిపోతుంది.