బస్సును మెట్రోలా నడిపిన మేయర్.. ఎవరీ జైమే లెర్నర్?

విజయవాడలోనో విశాఖలోనో ‘బీఆర్‌టీఎస్ రోడ్డు’ అంటే ఆటో డ్రైవర్ మళ్లీ అడగడు. ఆ పేరు వెనకున్న ఆలోచన బ్రెజిల్‌లోని కురిటిబా నగరానిది. దాన్ని అమల్లో పెట్టిన మేయర్ జైమే లెర్నర్.

1937లో అదే ఊళ్లో పుట్టిన లెర్నర్ వృత్తిరీత్యా ఆర్కిటెక్ట్. మూడుసార్లు మేయర్‌గా చేశారు. మొదటి రెండుసార్లు (1971-75, 1979-83) ఆయన్ను జనం ఎన్నుకోలేదు, సైనిక పాలనలో నియమించారు. ఆయన వేగాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు. 1972లో నగరంలోని ప్రధాన వ్యాపార వీధిని పాదచారులకే వదిలేశారు. దుకాణదారులు కోర్టుకెళ్లేలోపే అయిపోవాలని శుక్రవారం సాయంత్రం పని మొదలుపెట్టి, 72 గంటల్లో ముగించారు. ఓట్లు అడగాల్సిన మేయర్ అంత తెగించేవారా అన్నది అనుమానమే.

అసలు కథ బస్సులది. మెట్రో తవ్వేంత డబ్బు నగరానికి లేదు. అందుకే 1974లో రోడ్డు మధ్యలో బస్సులకు మాత్రమే దారి ఇచ్చారు. ఎన్నికల్లో గెలిచి మూడోసారి వచ్చాక, 1991లో గాజు గొట్టాల్లాంటి స్టేషన్లు కట్టారు. టికెట్ అక్కడే తీసుకోవాలి. ప్లాట్‌ఫాం, బస్సు ఫ్లోర్ ఒకే ఎత్తులో ఉంటాయి. మెట్లెక్కడం లేదు, కండక్టర్ కోసం ఆగడం లేదు. మూడు భాగాల పొడవైన బస్సులో దాదాపు 270 మంది పడతారు. ప్రైవేటు ఆపరేటర్లకు ఎక్కిన జనాన్ని బట్టి కాకుండా, తిరిగిన కిలోమీటర్లను బట్టి డబ్బులిచ్చారు. దాంతో ప్రయాణికుల కోసం బస్సులు ఒకదాన్నొకటి తరుముకోవడం తగ్గింది. ఎత్తయిన భవనాలకూ ఈ బస్సు దారుల వెంటే అనుమతులు.

చెత్త బండి దూరలేని బస్తీల్లో ఇంకో ఉపాయం చేశారు. చెత్త సంచులు తెచ్చిస్తే బస్సు టోకెన్లు ఇచ్చేవారు. తర్వాత 4 కిలోల రీసైక్లింగ్ చెత్తకు కిలో కూరగాయలు, పండ్లు ఇచ్చారు.

లెర్నర్ ఆ తర్వాత పరానా రాష్ట్ర గవర్నర్‌గా రెండు దఫాలు పనిచేసి, 2021లో కన్నుమూశారు. కురిటిబాలో ఇప్పుడు కార్లు పెరిగాయి, బస్సులు కిక్కిరిసి కొందరు దూరమయ్యారు.

బొగోటా 2000లో, అహ్మదాబాద్ 2009లో ఈ బాట పట్టాయి. ఢిల్లీ 2008లో తెరిచిన కారిడార్‌ను 2016లో తొలగించింది. అక్కడ బస్సుకు లేన్ వచ్చింది కానీ, ఎక్కకముందే టికెట్ తీసుకునే స్టేషన్లు రాలేదు.