ఎండ పోసిన ఆజ్యం

1542 అక్టోబరులో స్పెయిన్ తరఫున కాలిఫోర్నియా తీరం వెంట ప్రయాణించిన నావికుడు కాబ్రిల్యో, నేటి లాస్ ఏంజెలిస్ దగ్గర స్థానికుల మంటల నుంచి లేచిన పొగను చూసి, అక్కడి అఖాతానికి ‘పొగల అఖాతం’ అని పేరు పెట్టాడు. అక్కడ పొగ తేలిగ్గా చెదిరిపోకపోవడానికి కారణం ఉంది. వేసవిలో పసిఫిక్ మీద నిలిచే అధిక పీడన మండలంలో గాలి కిందికి దిగుతూ వేడెక్కి, సముద్రం నుంచి తీరంలోకి చొరబడిన చల్లగాలి మీద మూకుడు బోర్లించినట్టు కమ్ముకుంటుంది. పైన వేడి, కింద చలువ ఉండే ఈ తలకిందుల స్థితినే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పైకి దారి ఇలా మూసుకుపోగా, ఉత్తరాన, తూర్పున శాన్ గాబ్రియేల్, శాన్ బెర్నార్డినో పర్వతాలు అడ్డు నిలవడంతో, నగరం వదిలిన వాయువులు నగరం మీదే నిలిచిపోతాయి.

1943 జులై 26న కళ్లు మండించే తెర నగరాన్ని కమ్మినప్పుడు, అది యుద్ధకాలం కావడంతో శత్రువుల విషవాయువేమోనన్న అనుమానం కూడా పుట్టింది. తరువాత నింద కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు తయారుచేసే ఒక కర్మాగారం మీద పడింది. దాన్ని మూయించినా తెర మాత్రం తొలగలేదు. బొగ్గుపొగకూ చలికాలపు మంచుకూ కలిపి లండన్‌లో పుట్టిన ‘స్మాగ్’ అన్న మాటనే ఇక్కడా వాడడం కొంత దారి తప్పించిందనే చెప్పాలి, ఎందుకంటే ఈ తెరకు కావలసింది మంచు కాదు, ఎండ.

ఆ సంగతి తేల్చినవాడు అనాసపండు వాసనను పరిశోధిస్తూ వచ్చిన కాల్‌టెక్ రసాయన శాస్త్రవేత్త ఏరీ హాగెన్-స్మిట్. వాహనాలు, చమురు శుద్ధి కర్మాగారాలు వదిలే హైడ్రోకార్బన్లు (అంటే ఇంధనపు ఆవిర్లు), నైట్రోజన్ ఆక్సైడ్లు సూర్యకాంతిలో చర్య జరిపి ఓజోన్‌ను పుట్టిస్తాయని 1952 నాటి వ్యాసంలో ఆయన వివరించాడు. ఏ గొట్టం నుంచీ నేరుగా వెలువడని ఈ వాయువును పసిగట్టడానికి నాడు పనికివచ్చిన సాధనం వంచి ఉంచిన రబ్బరు ముక్క: ఓజోన్ రబ్బరును చీలుస్తుంది కనుక, పగుళ్లు ఎంత త్వరగా కనిపిస్తే గాలిలో దాని పాలు అంత ఎక్కువన్నమాట.

ఉదయపు వాహనాల పొగ మధ్యాహ్నపు ఎండకు మాగి ఓజోన్‌గా మారేసరికి సముద్రపు గాలి దాన్ని తూర్పుకు నెట్టేది; అందుకే మబ్బు పట్టిన రోజున తెరిపి దొరికినా, మబ్బులేని రోజున నగర కేంద్రం కంటే లోతట్టున ఉన్న రివర్‌సైడ్ వంటి ఊళ్లే ఎక్కువ బాధపడేవి. ఇంకా పైన, శాన్ బెర్నార్డినో కొండల మీద పోండరోసా పైన్ చెట్ల సూదులాంటి ఆకులు పసుపుబారి రాలిపోవడానికీ ఈ ఓజోనే కారణమని 1960వ దశకంలో తేలింది.