బొమ్మ నేర్పిన నిలకడ

దిల్‌సుఖ్‌నగరులో రేడియో హెలికాప్టరు ఎగురవేయుటకు మేడలు, కరెంటు తీగలు అడ్డము. ఎల్బీనగరు దాటి దక్షిణమునకు పోయినచో బయలు దొరకవచ్చును గాని, అటు నాదర్‌గుల్‌లో విమానక్షేత్రము కలదు. చోటు దొరికిననూ, ఈ బొమ్మను గాలిలో నిలుపుట చాలకాలము గగనమే అయినది.

మోడలు విమానము చేయి సడలినను కొంతసేపు తేలును. హెలికాప్టరు అట్లు కాదు. కొంచెము ఒరిగినచో ప్రక్కకు జారును. జారినకొలది రోటరు ఎదురుతిరిగి, ఊగు ప్రతిమారు పెరుగును. బొమ్మ చిన్నది గనుక ఊగు మరింత త్వరితము. సరిదిద్దు వ్రేళ్ళు వెనుకబడును.

ఈ ఊగును అణచు ఉపాయము తొలుత బొమ్మలపైననే దొరకినది. అమెరికాలో ఆర్థర్ యంగ్ 1930ల నుండి చిన్న నమూనాలు ఎగురవేయుచు, రోటరుకు అడ్డముగా, కొనలయందు బరువులుగల కడ్డీని జతచేసెను. తిరుగుచున్న బరువు తన తలమును సులభముగా విడువదు గదా! దేహము ఒరిగినను రోటరు కడ్డీనే అనుసరించును. 1941లో బెల్ కంపెనీ ఆయనను చేర్చుకొనెను. ఆ కడ్డీతోనే బెల్ 47 హెలికాప్టరు 1946లో పౌరవినియోగమునకు అనుమతి పొందెను.

పెద్ద యంత్రపు విద్యను రేడియో బొమ్మకు అలవరచినవారిలో ముఖ్యుడు జర్మనీ దేశస్థుడు డీటర్ ష్లూటర్. 1970 జూన్‌లో ఆయన మోడలు 11.5 కిలోమీటర్లు ఎగిరెను. నేటి మోడళ్ళు పెక్కింటిలో ఆ కడ్డీ లేదు. దాని పనిని గోరంత ఎలక్ట్రానిక్ గైరోలు చేయుచున్నవి.

2021 డ్రోన్ నియమములు 25 కిలోగ్రాములు మించక, విద్యకో వినోదమునకో కంటిచూపు మేరలో ఎగురు మోడళ్ళను ప్రత్యేకముగా గుర్తించినవి. ఎల్బీనగరు విద్యార్థి బ్యాటరీ తగిలించుటకు ముందు ప్రభుత్వ గగనతల పటములో తన మైదానము ఏ రంగులోనున్నదో చూచుకొనవలెను.