పట్టాల ఖర్చు, ప్లాట్ల లాభం

1883లో అఘోరనాథ చటోపాధ్యాయను హైదరాబాద్ సంస్థానం నుంచి బయటికి పంపేశారు. సరోజినీ నాయుడి తండ్రిగా, నిజాం కాలేజీతో ముడిపడిన విద్యావేత్తగా మనకు తెలిసిన ఆయన, చాందా రైలు పథకం షరతులను జనం ముందు పెట్టి చర్చించాలని పట్టుబట్టినవారిలో ముఖ్యుడు. చర్చ జరగలేదు, ఒప్పందం మాత్రం జరిగింది. లండన్ కంపెనీ పట్టాలు వేస్తుంది, దాని పెట్టుబడిపై ఇరవై ఏళ్లపాటు 5 శాతం రాబడికి నిజాం సర్కారు పూచీ ఉంటుంది. రైలుకు ఆదాయం తగ్గితే లోటు ఖజానాది, రాబడి మాత్రం వాటాదార్లది. చివరికి 1930లో సర్కారే ఆ రైల్వేను సొమ్ము పెట్టి కొనుక్కుంది. ఈ లెక్క ఆనాటితో పోయిందనుకుంటే పొరపాటే. శంషాబాద్ విమానాశ్రయానికి వేయాల్సిన మెట్రో చుట్టూ ఇరవై ఏళ్లుగా సాగుతున్న వ్యవహారంలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. పట్టాలకు డబ్బెవరు పెట్టాలని ప్రతి ప్రభుత్వమూ వెతికింది గానీ, పట్టాలు వస్తాయన్న మాటకే విలువ పెరిగే భూమి వైపు మాత్రం చూడలేదు.

శంషాబాద్ భూమికి విలువ దానంతటది రాలేదు. 2004 డిసెంబరులో విమానాశ్రయ ఒప్పందం కుదిరింది. 5,495 ఎకరాల్లో కట్టిన ఆ విమానాశ్రయం 2008 మార్చి 23న మొదలైంది. దానికి రాష్ట్ర ప్రభుత్వం వడ్డీ లేకుండా 315 కోట్ల రూపాయల అప్పు ఇచ్చింది. బేగంపేటలో పౌర విమానాలు ఆగిపోవడంతో ప్రయాణికులంతా దక్షిణానికి మళ్లారు. ఆ ఏడాది చివర్లోనే ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి, శంషాబాద్ ముక్క తెరుచుకుంది. 2009 అక్టోబరులో మెహిదీపట్నం వైపు నుంచి 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. కలం పోటుతో విలువ మారిన సందర్భాలూ ఉన్నాయి. జంట జలాశయాల రక్షణకు 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. శంషాబాద్ మండలంలోని ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ప్రభుత్వం ఆ కట్టడిని సడలించింది. రన్‌వే, వంతెన, జీవో మూడూ ప్రజల సొమ్ముతోనో ప్రజల అధికారంతోనో వచ్చినవే. ఎకరాల లెక్కన బేరాలు జరిగిన చోట ఇప్పుడు గజాల లెక్క నడుస్తోంది. ఈ పెరుగుదల ఎవరి జేబులోకి వెళ్లిందో అందరికీ తెలుసు. ప్రజా రవాణాకు మాత్రం అందులోంచి తిరిగి వచ్చింది లేదు. 2023లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉందానగర్ దాకా వచ్చి, విమానాశ్రయానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఆగిపోయింది.

భూమితో మెట్రో కట్టే ప్రయత్నం చేయలేదా అంటే, చేశారు. దారి తప్పడం వల్లే అది చెడింది. 2008లో నగర మెట్రోకు టెండర్లు పిలిచినప్పుడు, సత్యం అధినేత కుటుంబానికి చెందిన మేటాస్ నాయకత్వంలోని కన్సార్షియం ప్రభుత్వ సాయం అడగకపోగా 35 ఏళ్లలో తానే ప్రభుత్వానికి 30,311 కోట్లు చెల్లిస్తానంది. టికెట్ల మీద అంత మిగులు ఏ మెట్రోకూ రాదు. ఆశంతా స్టేషన్ల చుట్టూ వచ్చే స్థిరాస్తి మీదే. ఢిల్లీ మెట్రో సారథి ఇ. శ్రీధరన్ అప్పుడే ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, ఇది రవాణా కన్నా భూముల వ్యవహారంలా ఉందని హెచ్చరించారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, జులైలో ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల లోటు భర్తీ సాయంతో ముందుకొచ్చింది. దానికీ 269 ఎకరాల్లో స్థిరాస్తి హక్కులిచ్చారు. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ లేచాయి గానీ అనుకున్నంత రాబడి రాలేదు. ఆపై కొవిడ్ రైళ్లను ఖాళీ చేసింది. చివరికి 2025 సెప్టెంబరులో, దాదాపు 13,000 కోట్ల అప్పు నెత్తిన వేసుకుని, కంపెనీకి దాదాపు 2,000 కోట్లు చెల్లించి ప్రాజెక్టును తీసుకునేందుకు రాష్ట్రం ఒప్పుకుంది. 1930 నాటి కథ మరో కంపెనీ పేరుతో మళ్లీ నడిచింది.

ఇందులోని తప్పు ఎక్కడుందో చూడాలి. స్టేషన్ పక్కన కొన్ని ఎకరాలు ఆపరేటర్ చేతికిచ్చి, మాల్ కట్టి బతకమన్నారు. మార్గం పొడవునా వేల ఎకరాల్లో పెరిగిన విలువను ఎవరూ ముట్టుకోలేదు. చెరువు నిండితే బిందెడు నీళ్లు కొలిచి, ఊరి దాహం తీరలేదేమని అడిగినట్టుంది. పోనీ టికెట్ల మీదే నడుపుదామంటే ఢిల్లీ అనుభవం కళ్లముందుంది. అక్కడి విమానాశ్రయ లైను 2011లో ప్రైవేటు చేతిలో మొదలై, మరుసటి ఏడాదే నిలిచిపోయి, 2013లో ఢిల్లీ మెట్రో చేతికొచ్చింది. దానిపై వ్యాజ్యం 2024 దాకా సుప్రీంకోర్టులో నలిగింది. విమానం ఎక్కేవాడి జేబొక్కటే నమ్ముకుని ఇలాంటి లైను నిలవడం కష్టం.

మన ప్రభుత్వాల లెక్కలూ పెరిగే భూమి విలువ వైపు చూడలేదు. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల లైనుకు 6,250 కోట్లతో, రాష్ట్ర నిధులతోనే కడతామని శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగగానే ప్రభుత్వం మారి, ఆ మార్గం రద్దయి, నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా 36.8 కిలోమీటర్ల కొత్త మార్గం వచ్చింది. దాన్ని కలుపుకుని 76.4 కిలోమీటర్ల రెండో దశకు 24,269 కోట్ల అంచనాతో 2024లో కేంద్రానికి నివేదిక పంపారు. రాష్ట్రం 30 శాతం, కేంద్రం 18 శాతం, రుణాలు 48 శాతం, ప్రైవేటు భాగస్వామ్యం 4 శాతం. సగానికి దగ్గరగా అప్పే. లైను పక్కన భూమి ఉన్నవారి వాటా ఈ పట్టికలో ఎక్కడా లేదు. 2017 నాటి కేంద్ర మెట్రో విధానమే పెరిగిన విలువను రాబట్టి నిధిగా మార్చమని రాష్ట్రాలకు చెప్పింది. లండన్ తన క్రాస్‌రైల్ కోసం పెద్ద వాణిజ్య భవనాల మీద 2010 ఏప్రిల్ నుంచే అదనపు పన్ను వేసింది. రైలు నడిచింది 2022లో. అంటే పన్నెండేళ్ల ముందే నిధి పోగవడం మొదలైంది.

ఇలా పెరిగిన విలువపై చార్జీ వేయడానికి మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది రైతుది. భూసేకరణలో పొలం పోగొట్టుకున్న ఊళ్ల మీదే మళ్లీ పన్నా అని. న్యాయమైన ప్రశ్నే. అందుకే సాగులో ఉన్న భూమి జోలికి పోకూడదు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చే నాలా మార్పిడి జరిగి, లేఅవుట్‌కు అనుమతి అడిగినప్పుడు, అమ్మేవాడు కాక వెంచర్ వేసేవాడు కట్టాలి. లేఅవుట్లకు హెచ్‌ఎండీఏ చార్జీలు వసూలు చేయడం కొత్త కాదు, కొత్త యంత్రాంగం అక్కర్లేదు. రెండోది, ఆ భారం చివరికి ఫ్లాటు కొనే మధ్యతరగతి మీదే పడుతుందని. మెట్రో పేరు చెప్పి ధర ఇప్పటికే పెంచి అమ్ముతున్నారు. కొనేవాడు రైలుకు డబ్బు కడుతూనే ఉన్నాడు, అది రైలుకు చేరడం లేదంతే. మూడోది, విలువ పెరగాల్సిందంతా పెరిగిపోయింది, ఇప్పుడేం పట్టుకుంటారని. 2008 నాటి పెరుగుదల చేజారిన మాట నిజమే. కానీ మార్గం రాయదుర్గం వైపు నుంచి చాంద్రాయణగుట్ట వైపుకు ఒక్క నిర్ణయంతో మారిపోయింది. అంటే కొత్త విలువను సృష్టించే అధికారం ఇంకా ప్రభుత్వం చేతిలోనే ఉంది.

కాబట్టి తొలి స్తంభానికి గుంత తవ్వకముందే మూడు పనులు జరగాలి. లైనుకు అటూ ఇటూ విలువ పెరిగే పరిధిని సర్వే నంబర్లతో సహా ప్రకటించాలి. ఆ పరిధిలో వచ్చే చార్జీలను సాధారణ ఖజానాలో కలపకుండా మెట్రోకే కట్టుబడిన నిధిలో వేయాలి. ఆ ఖాతాను ఏటా శాసనసభ ముందు పెట్టాలి. షరతులు చూపించమన్నందుకు 1883లో ఒక మనిషిని ఊరు దాటించారు. నేటి షరతులు ఎన్నుకున్న సభలో చర్చకు రాకపోతే, ఆ తప్పు నిజాంది కాదు, మనదే.