పొరుగువాని త్రోవ

మన దొడ్డి మూలగా పొరుగువాడు బావికి నడచుచుండును; మనము కాదనము. ఈ మౌనమునకు 1882వ సంవత్సరపు ఈజుమెంట్ల చట్టము క్రొత్త యర్థమును కల్పించినది. మొదట మదరాసు రాజధాని, మధ్యపరగణాలు, కొడగులకే వర్తించిన యీ చట్టము 1891లో బొంబాయికిని వ్యాపించెను. బహిరంగముగా, నిరాటంకముగా, హక్కుగా 20 ఏండ్లు నడచినవానికి ఆ నడక స్థిరపడును. భూమి మాత్రము మనదే. అనుమతి పొంది నడచిన నీ హక్కు పుట్టదు. ఆ యనుమతిని మనము రద్దుచేయవచ్చును. అయితే దానిని నమ్మి యతడు సొమ్ము వెచ్చించి శాశ్వతమైన కట్టడము కట్టినచో నదియు సాధ్యము కాదు.

చట్టము ఉపకారమును శిక్షించినదని కొందఱందురు. నాకట్లు తోచదు, అది శిక్షించినది మౌనమునే. త్రోవ యెచ్చటనో, ఎవరి యనుమతియో తెలుపుటకు రెండు పంక్తుల చీటి చాలును. అంతమాత్రమునకు మొగమాటపడి, తండ్రులు కలిసి నీరు తోడుకొన్న బావికడ కుమారులు కంచెలు నాటుచున్నారు.